క్యాచర్ మీద రాసిన బంతులు

ప్రతి ఏడూ ఫిబ్రవరిలో, రోడ్ల పక్కన మంచు ఇంకా నల్లబడి గుట్టలుగా ఉండగానే, ఆష్‌బర్న్‌లో మా బేస్‌బాల్ జట్టు ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో కూర్చునేది. రాబోయే సీజన్‌లో మనం ఎక్కడ తేలతాం, ఎవరు ఏ చోట ఆడాలి, ఎవరి భుజం పనిచేస్తోంది, ఎవరి మోకాలు మొరాయిస్తోంది అన్నది ఆ మధ్యాహ్నం తేల్చుకునేవాళ్లం. అల్యూమినియం ట్రేల్లో బిర్యానీ, పేపర్ ప్లేట్లు, గోడకు పెద్ద టీవీ. టీవీలో నా ల్యాప్‌టాప్ తెర. ఆ అంచనాలు చాలా ఏళ్లు నేనే తయారుచేశాను. మేనేజర్నీ నేనే, బంతి విసిరే పిచ్చర్నీ నేనే.

మా జట్టులో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. జట్టును పెట్టిన మనిషే, మా మొదటి క్యాచరే, సరిగ్గా సీజన్ మొదలయ్యే ముందు చెయ్యిచ్చాడని. నేను ఫోన్ చేసి బతిమాలినా రానన్నాడని. చివరికి భార్య దగ్గరకు అల్ఫారెట్టా వెళ్లిపోయాడని. కొందరు దానికి అప్పట్లో మన దేశంలో నడుస్తున్న ప్రత్యేక రాష్ట్రం గొడవను కూడా అంటగట్టారు. ఆయనది వరంగల్ వైపు, నాది గుంటూరు వైపు. అలా అనుకునేవాళ్లను నేను కాదనలేదు. కానీ ఆ కథలో ఆయన అల్ఫారెట్టా వెళ్లడం ఒక్కటే నిజం. మిగిలింది నేను పుట్టించింది.

మొదట్లో మేమంతా టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడేవాళ్లం. పార్కుల్లో క్రికెట్‌కు చోటు దొరికేది కాదు. స్కూళ్ల వెనక బేస్‌బాల్ మైదానాలు మాత్రం ఆదివారం పొద్దున ఖాళీగా పడి ఉండేవి. "గ్రౌండ్ వానిది, గేమ్ గూడ వానిదే ఆడుదాం. పోయేదేముంది" అని ఆయనే అన్నాడు. కౌంటీ నడిపే పెద్దల లీగ్‌లో జట్టు పేరు రాయించింది ఆయనే. పాత స్పోర్ట్స్ సామాను అమ్మే షాపులో ఛాతీకి, మోకాళ్లకు కట్టుకునే కవచాలు వెతికి తెచ్చింది ఆయనే.

మొదటి ఏడాది మా ఆట చూసి అవతలి జట్లవాళ్ల పిల్లలు పడీ పడీ నవ్వారు. బంతిని కొట్టగానే బ్యాట్ అక్కడే పడేసి పరుగెత్తాలి. మేము బ్యాట్ చేత్తో పట్టుకునే పరుగెత్తి, చేరాల్సిన మజిలీ అయిన బేస్ దగ్గర క్రీజ్‌లో పెట్టినట్టు నేల మీద ఆనించేవాళ్లం. అంపైర్ ఎన్నిసార్లు చెప్పినా చెయ్యి వదిలేది కాదు. గ్లవ్ ఎడమ చేతికి ఉండగా కుడి చేత్తో క్యాచ్ పట్టబోయి వేళ్లు వాచేవి. మెల్లగా దొర్లే బంతి కొట్టి, క్రికెట్‌లోలా పరుగు లేదులే అని నిలబడిపోయి అవుటయ్యేవాళ్లం. క్యాచర్ చోట కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. బ్యాటర్ వెనక గొంతుకూర్చుని, గంటల కొద్దీ రాయిలాంటి బంతిని ఒంటితో ఆపాలి. ఆయన ముసుగు తగిలించుకుని కూర్చున్నాడు. తరువాత అది ఆయన చోటే అయింది.

బేస్‌బాల్ తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. పిచ్చర్ విసిరిన బంతిని క్యాచర్ ఆపలేకపోతే అది వెనక్కి పోతుంది. ఆలోగా బేసుల మీద ఉన్న అవతలివాళ్లు ముందుకు జరుగుతారు, ఒక్కోసారి పరుగే చేస్తారు. అప్పుడు స్కోరు పుస్తకంలో తప్పు ఎవరిదో రాయాలి. పట్టదగిన బంతిని వదిలేస్తే క్యాచర్ తప్పు. పట్టరాని చోట విసిరితే పిచ్చర్ తప్పు. బంతి ప్లేటుకు, అంటే బ్యాటర్ ముందు నేలలో ఉండే తెల్ల పలకకు, ముందే నేలను తాకి పోయిందంటే ఇక ఆలోచించే పని లేదు, అది పిచ్చర్ తప్పే. రూలు పుస్తకంలో అలాగే ఉంది. ఆ రూలు నాకు మొదటి ఏడాదే తెలుసు.

క్రికెట్‌లో నాది లెగ్ స్పిన్. ఆ మణికట్టు తిప్పుడుతో ఒక బంతి నేర్చుకున్నాను. నడుము ఎత్తున వస్తున్నట్టే వచ్చి, చివర్లో కిందికి జారి మట్టిలో పడుతుంది. బ్యాటర్లు దాన్ని వెంటాడి గాలిలో ఊపేవారు. అది నా గొప్ప. మట్టిలో పడిన ఆ బంతి ఎగిరి ఎటు పోతుందో దేవుడికి కూడా తెలియదు. ఆయన మోకాళ్ల మీద పడి, గడ్డం ఛాతీకి ఆనించి, ఒళ్లంతా అడ్డం పెట్టి ఆపేవాడు. నూటికి తొంభై ఆపేవాడు అని మేము మాటవరసకు అనుకునేవాళ్లం. మిగిలినవి దాటిపోయేవి.

మొదటిసారి అలా దాటిపోయి పరుగు వచ్చినప్పుడు, బెంచీ మీద పుస్తకం రాస్తున్న కుర్రాడు అడిగాడు. "అన్నా, ఇది పిచ్చర్ మీద రాయాలా, క్యాచర్ మీద రాయాలా?"

నేను నోరు తెరిచేలోపు ఆయన ముసుగు పైకి నెట్టి అన్నాడు. "నా మీద రాయ్. గాయన మీద రాస్తే వచ్చే ఆదివారం దాక అన్నం తినడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడితో అది మా అలవాటయింది. తరువాత తరువాత ఆయన చెప్పనక్కర లేకపోయింది. కుర్రాడు నా వైపు చూసేవాడు, నేను "క్యాచర్" అనేవాణ్ణి. నా పేరు ఎదురుగా అంకెలు శుభ్రంగా ఉండేవి.

ఆట మధ్యలో నేను తడబడితే ఆయన నడుచుకుంటూ నా దగ్గరకు వచ్చేవాడు. వ్యూహం ఏదో చెబుతున్నాడని అవతలివాళ్లు అనుకునేవారు.

"పొద్దుగాల ఏం తిన్నవ్‌రా?"

"ఉప్మా."

"గందుకే చెయ్యి లేస్తలేదు. మా ఆవిడ ఫోన్‌ల చెప్తుంటే నేను చేస్కున్న పెసరట్టు. జర ఈర్ష్యపడు, స్పీడొస్తది."

ఆయన భార్య ఉద్యోగం అల్ఫారెట్టాలో. ఇద్దరూ రెండు రాష్ట్రాల్లో ఉంటూ సెలవులకు కలుసుకునేవాళ్లు. పిల్లలు లేరు. ఆయనకు ఆ వైపు ఉద్యోగం దొరకడం కష్టమేమీ కాదు. ఒక చలికాలం దొరికింది కూడా. అప్పటికి మా జట్టు కింది విభాగంలో గెలిచి పై విభాగానికి ఎక్కింది. అక్కడ ఆటలు కౌంటీ పెద్ద మైదానంలో, చుట్టూ గ్యాలరీ, పచ్చిక మధ్య ఎర్రమట్టి. ఆయనకు నలభై దాటి మోకాళ్లు అరిగిపోతున్నాయి. "ఈ ఒక్క సీజన్ ఆడి వస్త" అని భార్యను అడిగాడు. ఆమె ఒప్పుకుంది. కొత్త కంపెనీవాళ్లను జూన్ దాకా ఆగమన్నాడు. ఈ సంగతి నాకు చెప్పాడు. ఇంకెవరికీ చెప్పలేదు, వీడ్కోలు పార్టీ చేస్తారని.

ఇప్పుడు నా సంగతి.

ఆ కింది విభాగం ఫైనల్ నేను బంతి వేసి గెలిపించాను. ఆట అయ్యాక వరుసగా చేతులు కలుపుకుంటూ వస్తుంటే, అవతలి జట్టు కోచ్, తెల్లజుట్టు పెద్దమనిషి, నా చెయ్యి వదిలేసి ఆయన భుజం పట్టుకుని, ఇంగ్లీషులో, "ఇవాళ గెలిచింది నువ్వే" అన్నాడు. ఆయన సిగ్గుపడి నన్ను చూపించాడు. ఆ కోచ్ నా వైపు చూసి మర్యాదకు తల ఊపి వెళ్లిపోయాడు. అంతే జరిగింది. ఆ తల ఊపడం నాకు చలికాలమంతా గుర్తుంది. కారు నడుపుతుంటే గుర్తొచ్చేది, మీటింగులో గుర్తొచ్చేది.

అదే శీతాకాలం ఆఫీసులో నాకు మేనేజర్ పదవి వచ్చింది. మనుషులను మూడు అరల్లో పెట్టే పని నేర్పారు. అంచనాలను మించినవాళ్లు, అందుకున్నవాళ్లు, అందుకోనివాళ్లు. కింది అర ఖాళీగా ఉండకూడదు. అందరూ బాగా చేసినా ఎవరో ఒకర్ని అందులో వేయాలి. మేమంతా ఆ పద్ధతి బాధితులమే. వేరే కంపెనీలో ఒక ఏడాది నన్నే కింది అరలో వేస్తే వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆదివారాలు మైదానంలో మేము ఎక్కువగా తిట్టుకున్నది దాన్నే. ఆ ఫిబ్రవరిలో మా జట్టు భవిష్యత్తును తేల్చడానికి నేను సరిగ్గా దాన్నే పట్టుకెళ్లాను. పై విభాగానికి వెళ్తున్నాం, ఇక పద్ధతిగా చేయాలి అన్నాను. అందరూ సాఫ్ట్‌వేర్‌వాళ్లే కాబట్టి ఒక్కరూ వింతగా చూడలేదు. రంగులు బాగున్నాయి అన్నారు.

టీవీ మీద అందరి పేర్లు, అంకెలు. పిచ్చర్ మీద రాసిన తప్పులు దాదాపు లేవు. క్యాచర్‌ను దాటిపోయిన బంతులు లీగ్‌లో అందరికంటే మాకే ఎక్కువ. కింది అరలో ఎర్ర రంగులో ఒక్క పేరే ఉంది, ఆయనది.

"పై విభాగంలో ఇలా దాటిపోతే కష్టం" అన్నాను. "కొత్తగా చేరిన అబ్బాయి ఇక్కడే పుట్టాడు, హైస్కూల్లో నాలుగేళ్లు క్యాచర్‌గా ఆడాడు. మోకాళ్లు కొత్తవి. అన్న ఈసారి బెంచీ మీద ఉండి సలహాలిస్తే బాగుంటుందని నా అంచనా. అది జరిగితే మనం పై మూడు జట్లలో ఉంటాం."

అందరూ తలలెత్తి టీవీ చూశారు. అంకెలు ఎదురుగా ఉన్నాయి. ఒకతను మాత్రం, మా జట్టులో అందరికంటే నోరున్నవాడు, "ఏందన్నా, నీకేమన్న అభ్యంతరమా?" అని ఆయన్నే అడిగాడు.

ఆయన టీవీ వైపు చాలాసేపు చూశాడు. ఆ ఎర్ర గడిలోని బంతుల్లో చాలావరకు ఎవరివో అందరూ ఎప్పుడో మరిచిపోయారు, మా ఇద్దరికే గుర్తు. ఆయన ఒక్క మాట అంటే చాలు. నేను ఆ మాట కోసం ఎదురుచూశాను కూడా. దానికి జవాబు సిద్ధం చేసుకున్నాను.

"మంచిగ చేసినవ్‌రా షీటు" అన్నాడు. లేచి, కారులోంచి కవచాల సంచీ తెచ్చి ఆ కొత్త అబ్బాయి ముందు పెట్టాడు. "మోకాలుది కుడిదాని పట్టీ లూజుంది, జర గుంజి కట్టు." తన గ్లవ్ మాత్రం ఇవ్వలేదు. ఖాళీ ట్రేలు రెండు చేతుల్లో పట్టుకుని మెట్లెక్కి వెళ్లాడు. అది ఆయన ఇల్లు కూడా కాదు.

ఏప్రిల్‌లో ఆటలు మొదలయ్యాయి. ఆయన బెంచీకి రాలేదు. వస్తాడని నేనూ అనుకోలేదు. మొదటి ఆటలోనే పరుగుకు ఒక్క అడుగు దూరంలో, మూడో బేస్ మీద అవతలివాడు ఉండగా మట్టిలో పడే నా బంతి వేస్తానని సైగ చేశాను. కొత్త క్యాచర్ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ సైగ చేశాను. అతను నా దగ్గరకు నడిచి వచ్చాడు.

"అంకుల్, ఆ బాల్ వద్దు. అది ఎవ్రీ టైమ్ డర్ట్‌లో పడుతుంది."

"అన్న ఆపేవాడు."

"హౌ? ఐ మీన్, ఎలా ఆపేవారు? అవన్నీ వైల్డ్ పిచెస్ కదా అంకుల్, పిచ్చర్ తప్పే. క్యాచర్ మీద ఎవరు రాస్తారు అది?"

అతను ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగాడు. నేను మామూలు బంతి వేశాను. బ్యాటర్ దాన్ని కంచె దాటించాడు.

ఆ బంతి లేకపోతే నా దగ్గర ఏమీ లేదని మే నెల వచ్చేసరికి లీగ్ మొత్తానికి తెలిసిపోయింది. వరుసగా ఓడాం. పై మూడు అన్న నా అంచనా అట్టడుగుకు చేరింది. ఒక ఆదివారం ఓటమి తరువాత పార్కింగ్‌లో కార్ల దగ్గర నిలబడి ఉండగా నోరున్నవాడు అన్నాడు. "ఇగ చాలు. అన్నను పిలువు. నువ్వే పిలవాలె, మేం పిలిస్తే బాగుండది."

"పిలుస్తాను" అన్నాను.

పిలవలేదు. ఫోన్ తీశాను, ఆయన పేరు చూశాను, జేబులో పెట్టుకున్నాను. రమ్మంటే ఎందుకు రమ్మంటున్నానో చెప్పాలి. చెబితే ఆ ఎర్ర గడి గురించి చెప్పాలి. మరుసటి ఆదివారం వాళ్లు అడిగారు.

"ఫోన్ చేశాను. రానన్నాడు" అన్నాను. ఎందుకని అడిగితే, "తెలుసుగా, పట్టింపు. నన్ను బెంచీ అన్నాక మళ్లీ అడుగుపెట్టను అన్నాడు. ఎలాగూ వెళ్లిపోతున్నాడట" అని కలిపాను. ఆ మాటలు తడుముకోకుండా వచ్చాయి. ఆయన ఇల్లు మైదానానికి పది నిమిషాల దూరం.

జూన్‌లో ఆయన ఇల్లు ఖాళీ చేసి వెళ్లాడు. వీడ్కోలుకు మా జట్టులో ఎవరూ వెళ్లలేదు. ఎందుకు వెళ్తారు.

మూడు నాలుగేళ్ల తరువాత ఆఫీసు పని మీద నేను అల్ఫారెట్టా వెళ్లవలసి వచ్చింది. ఫోన్ చేస్తే, "రా, తిని పో" అన్నాడు. వంటగది బల్ల దగ్గర కూర్చున్నాం. ఆయన కుడిచేతి చిటికెన వేలు వంకరగానే ఉంది. అది నా బంతికే విరిగింది. ఆ రోజు టేపు చుట్టుకుని ఆట పూర్తిచేశాడు. ఆయన భార్య టీ పెట్టి మాతోపాటే కూర్చుంది. మంచిచెడ్డలు అయ్యాక, నేను ఇంకా ఏమీ అనకముందే, ఆమే మొదలుపెట్టింది.

"ఒక్క సీజన్ అడిగిండు అన్నా నన్ను. పెళ్లయినంక అదొక్కటే అడిగిండు. సరే అన్న. అర్ధ సంవత్సరం మల్ల ఇద్దరం రెండు దిక్కుల ఉన్నం. ఆదివారం పొద్దుగాల ఫోన్ చేస్తే, గ్లవ్ కార్‌ల ఏస్కుని ఇంట్ల కూసున్న అనేటోడు. ఎవలన్న పిలుస్తరేమోనని. ఆ సీజన్ మీరేం చేసిన్రన్నా?"

"ఊకోరాదు" అన్నాడాయన. ఆమె ఊరుకుంది గానీ నా మొహం మీంచి చూపు తీయలేదు.

అప్పుడు చెప్పాను. నేను ఫోన్ చేయలేదని, చేశానని జట్టుకు చెప్పానని.

"తెల్సు" అన్నాడు. "వాడు ఫోన్ చేసి తిట్టిండు నన్ను. గంత పిలిస్తే రాకపోతివి, గింత పొగరా అని." వాడంటే ఆ నోరున్నవాడు.

"నువ్వేమన్నావన్నా?"

"అవును, రానన్న అని చెప్పిన."

ఎందుకని అడిగాను.

"‘లేదు, వాడు నన్ను పిలువనే లేదు’ అని నిజం చెప్తే ఏమైతుండె? సగం మంది నీ దిక్కు, సగం మంది నా దిక్కు. అప్పుడు రాష్ట్రం గొడవ గూడ నడుస్తుండె. జట్టు ఆడనే ఆగిపోతుండె." టీ కప్పు పక్కకు జరిపాడు. "నీ కోసం అనుకునేవ్. నీ కోసం గాదు. ఆ బంతులు నీ కోసం మీదేసుకున్న. ఇది గాదు."

క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. బంతిని ఆపినట్టే ఉంది ఆ చెయ్యి.

"నాకు చెప్తే ఏమొస్తదిరా? నాకు తెల్సిందే గద. ఆడ జట్టోళ్లకు చెప్పు."

అన్నం పెట్టారు. తిన్నాను. గేటు దాకా ఆయన ఒక్కడే వచ్చాడు. "మోకాళ్లు ఎలా ఉన్నాయన్నా?" అంటే, "ఉన్నయ్" అన్నాడు. ఆ తరువాత నేను రెండుమూడు సార్లు ఫోన్ చేశాను. తీయలేదు. ఆయన అన్న ఆ ఒక్క పని చేయడానికి నాకు ఇంకో రెండేళ్లు పట్టింది.

ఈ ఫిబ్రవరిలో జట్టు కుర్రాళ్లు నన్ను వాళ్ల సమావేశానికి పిలిచారు. ఇప్పుడు ఆడేవాళ్లలో చాలామంది ఇక్కడ పుట్టినవాళ్లు, లేదా ఎం.ఎస్. చదవడానికి వచ్చి ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు. మా కాలంవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. నోరున్నవాడు కూడా వేరే రాష్ట్రానికి, కాపెల్‌కు, వెళ్లిపోయాడు. పాతవాడు కదా, ఈ సీజన్ ఎలా ఉంటుందో నాలుగు మాటలు చెప్పమన్నారు. బేస్‌మెంట్ వేరు, ట్రేలు అవే. మేనేజర్ కుర్రాడు నన్ను పరిచయం చేస్తూ ఆ కథ కూడా చెప్పాడు. జట్టు పెట్టిన అంకుల్ ఎలా హ్యాండ్ ఇచ్చాడో, అయినా నేను జట్టును ఎలా నిలబెట్టానో.

నిలబడి, అది అబద్ధమని చెప్పాను. బంతుల సంగతి, ఎర్ర గడి, చేయని ఫోన్, అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ వాళ్లు ఫోన్లు పక్కన పెట్టి మర్యాదగా విన్నారు.

ఒకబ్బాయి, "ఇట్స్ ఓకే అంకుల్. ఇట్ వాజ్ జస్ట్ రెక్ లీగ్ కదా, సరదాకి ఆడేది" అన్నాడు. ఇంకొకడు, "ఆ అంకుల్ ఇప్పుడెక్కడున్నారు?" అని అడిగి, అల్ఫారెట్టా అంటే, "ఓ, మా కజిన్ కూడా అక్కడే" అన్నాడు. అంతే. వినవలసినవాళ్లెవరూ ఆ గదిలో లేరు. వాళ్లు నాకు ఒక ప్లేటు బిర్యానీ పెట్టి, కుర్చీ చూపించి, టీవీ ఆన్ చేశారు.

టీవీ మీద పేర్లు, అంకెలు, మూడు రంగులు. నేను నేర్పిన షీటే, ఇప్పుడు మరింత చక్కగా ఉంది. మేనేజర్ ఒక్కొక్క వరస చదువుతూ కిందికి వచ్చాడు. క్యాచర్ వరస దగ్గర ఆగి, "ఇక్కడ మనకి ఇష్యూ ఉంది. దాటిపోయిన బాల్స్ చాలా ఉన్నాయి" అన్నాడు. క్యాచర్ వెనక గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు, కాళ్లు చాపుకుని.

"వాటిలో ప్లేటుకు ముందే నేలను తాకినవి ఎన్ని?" అని అడిగాను.

మేనేజర్ స్క్రీన్ మీద అటూ ఇటూ వెతికాడు. పిచ్చర్ కుర్రాడు తన పేపర్ ప్లేటులోని ముక్కను చెంచాతో కెలుకుతున్నాడు.

"అంత డీటెయిల్ లేదంకుల్" అని, మేనేజర్ కింది వరసకు వెళ్లాడు.